కోపం చల్లార్చే గొర్రె

బురుల్ ఎడమ కనుబొమ మీద ఒక పాత గాటు ఉంది. అది కారు తలుపు తగిలి పడినది.

పెళ్లికి ముందు ఆమె కిర్గిజ్ కొండల్లోని ఊచ్-కాయిన్ అనే ఊరి పేరు కూడా వినలేదు. ఆవులకు రాతి ఉప్పు కొనుక్కుని బజారు దాటుతుంటే ముగ్గురు మగవాళ్లు జుట్టు పట్టి కారులోకి లాగారు. ఆమె తన్నింది. ఒకడి బొటనవేలు ఎముక తగిలే దాకా కొరికింది. తలుపు వేసినవాడు ఆమె తల పూర్తిగా లోపలికి వచ్చిందో లేదో చూసుకోలేదు. ఊరు చేరేసరికి కళ్లలోకి నెత్తురు దిగి ఎదురుగా ఏముందో కనిపించలేదు. ఆ ఇంటి ఆడవాళ్లు మొహం కడిగి, తెర వెనక కూర్చోబెట్టి, కొత్త కోడలి గుర్తుగా తలకు తెల్లగుడ్డ కట్టబోయారు. కట్టిన ప్రతిసారీ లాగి పారేసింది.

సాయంత్రానికి బురుల్ తల్లి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా ఆ ఇంటి ముసలావిడ పడుకుని ఉంది. అలా పడుకున్న పెద్దవాళ్లను దాటిన ఆడదానికి కడుపు పండదనీ, ఇల్లు నిలవదనీ ఆ కొండల్లో అందరికీ భయం. తల్లి అవతలే నిలబడి, "ఉండిపోవే తల్లీ. నేనూ ఇలాగే వచ్చాను" అని ఏడ్చి వెళ్లిపోయింది. ఆ రాత్రి బురుల్ తలకు గుడ్డ కట్టారు. కొరికించుకున్న బొటనవేలు సాతర్‌ది. అతనే ఆమె మొగుడు.

సాతర్ గొర్రెల కాపరి. వేసవంతా పై మైదానాల్లో, చలికాలం ఊళ్లో. తాగితే కొట్టేవాడు, తాగకపోతే మాట్లాడేవాడు కాదు. బురుల్ ఉన్నితో కంబళ్లు చేసేది. పరిచిన ఉన్ని మీద వేడి సబ్బునీళ్లు చల్లి, చాపతో చుట్టి, మోచేతులు ఆనించి గంటలకొద్దీ ముందుకూ వెనక్కూ దొర్లించే పని అది. చేసి చేసి ఆమె ముంజేతులు మగవాళ్ల చేతులంత గట్టిపడ్డాయి. ఆ చేతులతో మొగుణ్ని ఎప్పుడూ కొట్టలేదు. కొట్టవచ్చన్న సంగతే తోచలేదు.

రెండో కాన్పులో బిడ్డ చనిపోయి పుట్టింది. కడుపు మీద సాతర్ బూటు దెబ్బ ఉంది. ఆస్పత్రిలో పక్క మంచం మీద లీడియా అనే జర్మన్ ముసలావిడ ఉండేది. కిర్గిజ్ మాటలు అక్కడక్కడా తప్పుగా పలికేది. బురుల్ గోడవైపు తిరిగి పడుకుంటే ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుని, "నీకు జరిగింది దేవుడు చూశాడమ్మా. చూసి, పోనీలే అనుకోలేదు" అంది. ఆ మాట బురుల్ అంతకుముందు వినలేదు. పోనీలే అననివాళ్లు ఎవరైనా ఉంటారని ఆమెకు తెలియదు. లీడియా ఇచ్చిన సువార్త పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. సాతర్ దాన్ని పొయ్యిలో వేసి, ఆమె చేతిని కూడా పొయ్యి రేకు మీద అదిమాడు. ఆమె ఇంకొకటి తెచ్చుకుంది.

ఏళ్లు పట్టింది. చివరికి సాతర్ తాగుడు మానాడు. పెద్దపట్నంలో సైరా అనే విశ్వాసి వంటగదిలో జరిగే ప్రార్థనకు ఒకరోజు భార్య వెనకాలే వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. పంటకాలువలో బాప్తిస్మం తీసుకుని, తడిబట్టలతోనే భార్య ముందు మోకరించాడు. "క్షమించాను" అంది బురుల్. నిజంగానే క్షమించింది.

ఊరు మాత్రం క్షమించలేదు. ఇద్దరూ మతం మారారని తెలిసిన వారంలోనే కిటికీలు పగిలాయి. వాళ్ల ఆవును ఊరి మందలో కలవనివ్వలేదు. చచ్చాక శ్మశానంలో చోటు ఉండదని పెద్దలు చెప్పేశారు. సాతర్ పళ్లు బిగబట్టి అద్దాలు మార్చుకున్నాడు. ఆవును తనే విడిగా మేపుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అది చూసి ఊరివాళ్లు ఒక సంగతి తేల్చుకున్నారు: ఈ ఏసువాళ్లను ఏం చేసినా తిరిగి ఏమీ చేయరు.

కింది వీధి మిక్తి కూడా అలాగే లెక్క వేసుకున్నాడు.

మిక్తి రష్యాలో కట్టడం పనులు చేసి తిరిగొచ్చినవాడు. బురుల్ కూతురు బెగిమాయ్‌ని చేసుకుంటానని కబురు పెట్టాడు. బెగిమాయ్‌కి పంతొమ్మిదేళ్లు, పట్నంలో నర్సు చదువు. వద్దంది. మళ్లీ అడిగితే మళ్లీ వద్దంది. బంగాళాదుంపలు తవ్వడం పూర్తయ్యాక ఒక ఉదయం, పట్నం వెళ్లే వ్యాను కోసం ఆమె రోడ్డు పక్కన నిలబడి ఉంటే మిక్తి కారు వచ్చి ఆగింది.

ఆ సంగతి ఇంట్లో తెలిసింది మధ్యాహ్నం కాకముందే. చెప్పడానికి వాళ్లే వచ్చారు. మిక్తి పెదనాన్న ఓరొజ్, వెనక ఇద్దరు బంధువులు, వోడ్కా సీసా, రొట్టెలు, మెడకు తాడు కట్టిన ఒక గొర్రె. పిల్లను ఎత్తుకెళ్లినవాళ్లు ఆ రోజే గొర్రెతో వచ్చి పుట్టింటివాళ్ల కోపం చల్లారుస్తారు. గొర్రె తాడు తండ్రి చేతిలోకి పోతే గొడవ ముగిసినట్టే. రాత్రి పిల్ల అక్కడ నిద్రపోతే ఇక అసలు మాటే ఉండదు.

"తల వంచుకుని వచ్చాం సాతర్ తమ్ముడూ" అన్నాడు ఓరొజ్. తల మాత్రం వంచలేదు. "మీ పిల్ల మా ఇంట్లో ఉంది. మావాడు కుర్రతనంతో ఎత్తుకొచ్చాడు. తిడితే తిట్టు, పడతాం."

సాతర్ గడప మీదే నిలబడిపోయాడు. "ఏ పిల్ల?"

"నీకున్నది ఒక్కతే కదా."

అప్పుడే సాతర్ కుక్క గొర్రె మీదికి దూకింది. గొర్రె బెదిరి తాడు విడిపించుకుని పెరట్లోకి పరుగెత్తింది. సాతర్ పుట్టిన దగ్గర్నుంచి గొర్రెల మధ్య బతికినవాడు. ఆలోచించేలోపే చెయ్యి చాచి తాడు పట్టుకున్నాడు.

ఓరొజ్ రెండు చేతులూ పైకెత్తాడు. "అందరూ చూశారుగా. తాడు పట్టాడు."

"కాపరి ముందు గొర్రెను వదిలితే పట్టుకోక ఏం చేస్తాడు, ముద్దు పెట్టుకుంటాడా" అని వెనకున్నవాడు నవ్వాడు.

సాతర్ తాడును నిప్పులా వదిలేశాడు. కానీ వాళ్లు అప్పటికే సీసా మూత తీస్తున్నారు. బురుల్ కొట్టంలోంచి బయటికి వచ్చింది. మోచేతుల దాకా సబ్బు నురగ. అంతా విన్నది.

"పిల్లని తీసుకురా ఓరొజ్ బావా."

"మరదలా, నువ్వు కూడా ఇలాగే వచ్చిన కోడలివి. చెడిపోయావా? ఇల్లుంది, మొగుడున్నాడు." సాతర్ వైపు కన్నుగీటాడు. "వేలు కొరికించుకున్నా దక్కించుకున్నాడు, పాపం."

సాతర్ మొహం పాలిపోయింది.

"అయినా మీ ఏసు ఒక చెంప కొడితే రెండోది చూపించమన్నాడట కదా. మేం కొట్టను కూడా లేదు. మంచి ఇంటికి తెచ్చుకున్నాం."

"నా చెంపయితే చూపిస్తాను బావా" అంది బురుల్. "నా కూతురి చెంప చూపించడానికి నేనెవరిని?"

ఓరొజ్‌కు నవ్వు పోయింది. గొర్రెను కంచెకు కట్టేసి, రొట్టెలు బల్ల మీద పెట్టి, "తాడు పట్టినవాడు పట్టాడు" అంటూ వెళ్లిపోయాడు.

బురుల్ పోలీసులకు ఫోన్ చేసింది. జీపు లేదు, రేపు చూద్దాం అన్నారు. సంఘం నడిపే ఇషెన్‌కి చేసింది. అతను గొంతు తగ్గించాడు. "అక్కా, ఆ ఊళ్లో మనవాళ్లు మీరిద్దరే. గొడవైతే ఇల్లు తగలబెడతారు. ప్రార్థన చేద్దాం. క్షమించడం మన మార్గం కదా."

"క్షమిస్తాను ఇషెన్. అదెటూ చెయ్యాల్సిందే. కానీ పిల్లని వాళ్ల చేతిలో వదిలేసి ఇంట్లో కూర్చుంటే దాన్ని క్షమించడం అనరు. మా అమ్మ చేసింది అదే. నువ్వు ప్రార్థన చెయ్యి, నేను వెళ్తున్నా."

వెనక్కి తిరిగేసరికి సాతర్ చేతిలో గొడ్డలి ఉంది.

"పెట్టేయ్."

"నన్నాపకు బురుల్."

"వాడి కోసం ఆపడంలేదు. నువ్వు వాణ్ని నరికావనుకో, రేపట్నుంచి ఊరు మాట్లాడేదంతా వాడి చావు గురించే. మన పిల్లకు ఏం చేశారో ఒక్కరూ అడగరు. జైలుకు నువ్వు పోతావు. పిల్ల నీ పేరును ఒక పీడకలలా మోస్తుంది."

సాతర్ కట్టెల మోపు మీద కూలబడ్డాడు. గొడ్డలి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. బురుల్ గొర్రె తాడు విప్పి, రొట్టెలు చంకన పెట్టుకుని, వీధిలోకి నడిచింది.

ఊరంతా చూస్తుండగా గొర్రెను వెనక్కి తోలుకుపోయే మనిషిని అంతకుముందు ఎవరూ చూడలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బకెట్లు నిండి పొర్లుతున్నా పట్టించుకోలేదు.

"ఏమే, గొర్రె బక్కగా ఉందా, మార్చుకోవడానికి పోతున్నావా?"

"సగం రోజు ఆ ఇంట్లో ఉన్న పిల్లను ఇంకెవడు చేసుకుంటాడే?"

"చేసుకోకపోతే మా ఇంట్లోనే ఉంటుంది" అంది బురుల్, ఆగకుండానే. "మా ఇంట్లో రొట్టె ఉంది."

మలుపు దగ్గర ఊరి ముల్లా ఎదురొచ్చాడు. సాతర్ దంపతులకు శ్మశానంలో చోటు లేదని చెప్పినవాళ్లలో అతనూ ఒకడు. "ఆ ఇంటికేనా?" అన్నాడు. "పొద్దునే నన్ను పిలిచారు. పిల్ల ఒప్పుకోకుండా నికా చదవనని చెప్పాను. మా మతంలో అది నికా కాదు. వినలేదు."

"అయితే నాతో రండి."

గడ్డం సవరించుకున్నాడు. "వస్తాను. అలాగని శ్మశానం సంగతి మారదు, అది గుర్తుంచుకో."

"చావు సంగతి తర్వాత చూద్దాం" అంది బురుల్.

మిక్తి ఇంటి పెరట్లో పెద్ద బానలో మాంసం ఉడుకుతోంది. గేటు బయట మూడు కార్లు. ముల్లా గేటు దగ్గర ఆగాడు. బురుల్ గొర్రెను తెచ్చి గుంజకు కట్టి, రొట్టెలు పక్కనున్న బల్ల మీద పెట్టింది. మగవాళ్లు తమ కళ్లను తామే నమ్మలేనట్టు దాన్ని చూశారు. లోపల ఎవరో ఆమెను గమనించి అరిచారు. ఆమె మెట్లెక్కేలోపే మిక్తి నాయనమ్మ కల్బూబు గుమ్మానికి అడ్డంగా పడుకుంది. పక్కన ఒక రొట్టె కూడా పెట్టుకుంది, రొట్టెను దాటడం ఇంకా పెద్ద పాపం గనక.

"దాటు" అంది ముసలావిడ, కళ్లు మూసుకుని. "నన్ను దాటిపో. నీ కూతురి కడుపు ఎండిపోను. నీ పొయ్యిలో బూడిద తప్ప ఏమీ మిగలకుండా పోను."

లోపల ఏదో విరిగిన చప్పుడు, వెంటనే బెగిమాయ్ కేక.

బురుల్ రొట్టె తీసి నుదుటికి ఆనించుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి ముసలావిడ మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద దూర్చి, తడి కంబళి చుట్టను ఎత్తినట్టు ఆమెను ఎత్తింది. కల్బూబు కెవ్వుమంది. గోళ్లతో బురుల్ బుగ్గ చీరేసింది, చెవి పట్టి మెలిపెట్టింది. బురుల్ ఆమెను గుండెకు అదుముకుని లోపలికి నడిచింది. ఎవరినీ దాటలేదు. గోడవారగా పరిచిన బొంతల మీద పడుకోబెట్టి, తల కింద దిండు సర్దింది. గదిలో ఆడవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. దాటితే ఏమనాలో వాళ్లకు తెలుసు. ఎత్తుకొస్తే ఏమనాలో తెలియదు.

బురుల్ తెర లాగింది. ఇద్దరు ఆడవాళ్లు బెగిమాయ్ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. పిల్ల కుడికన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చీలింది. తల మీద తెల్లగుడ్డ సగం కట్టి ఉంది, దాని మీద నెత్తుటి చుక్కలు. పట్టుకున్నవాళ్లలో ఒకామె మెడ నిండా రక్కులు.

"నడవగలవా?"

"నడుస్తానమ్మా."

బురుల్ ఆ గుడ్డ తీసి కింద పడేసి, వెనక నుంచి కూతుర్ని రెండు చేతులతో చుట్టేసి, గుమ్మం వైపు నెట్టుకుంటూ కదిలింది. అప్పుడు మిక్తి వచ్చాడు. చెవికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు, పిల్ల కరిచిన చెవి. బెగిమాయ్ జడ పట్టుకుని లాగాడు. బురుల్ వదల్లేదు. ఓరొజ్ గుర్రపు కొరడాతో ఆమె వీపు మీద కొట్టాడు. ఆమె వంగి పిల్ల తలను తన కింద దాచుకుంది. కొరడా మెడ మీద పడింది, చెవి మీద పడింది. మిక్తి బూటుకాలితో ఆమె మోచేతి మీద తన్నాడు, మళ్లీ అక్కడే తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. ఒక ఆడది ఏడుపు మొదలుపెట్టింది. బురుల్ నోట్లోంచి నెత్తురు తివాచీ మీద కారుతోంది.

"వదులు" అన్నాడు మిక్తి.

"వదలను" అంది. "చంపితే శవాన్నుంచి విడదీసుకో."

ఓరొజ్ కొరడా ఎత్తి, దించకుండా అలాగే ఉండిపోయాడు. అతను గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ సాతర్.

సాతర్ లోపలికి వచ్చాడు. అడ్డొచ్చిన ఓరొజ్‌ను గొడ్డలి వెనకవైపుతో దవడ మీద కొట్టాడు. అతను పళ్లు ఉమ్ముకుంటూ బల్ల మీద పడ్డాడు. మిక్తిని గొంతు పట్టి గుమ్మం పక్క గోడకు నొక్కి గొడ్డలి పైకెత్తాడు. మిక్తి ప్యాంటు తడిసి నేల మీదికి కారింది. బొంతల మీద కల్బూబు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

బురుల్ కూతుర్ని వదిలితే ఆ ఆడవాళ్లు మళ్లీ పట్టుకుంటారు. వదలకపోతే సాతర్ చంపేస్తాడు.

"పో అమ్మా" అంది బెగిమాయ్. "నేను నిలబడతాను. నన్నెవరూ ముట్టుకోరు." కింద పడి ఉన్న కొరడా తీసుకుంది.

బురుల్ వెళ్లి విరిగిన చేతిని మిక్తి మెడ మీద అడ్డంగా పెట్టింది. పెడుతుంటే నొప్పికి కళ్లు తిరిగాయి.

"జరుగు" అన్నాడు సాతర్. "వీడు దాన్నేం చేశాడో చూశావా?"

"చూశాను. నువ్వు నన్ను తెచ్చిన రోజు మా అమ్మా చూసింది. ఆ రోజు నీ మెడ మీద ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. నిన్ను బతకనిచ్చారు కాబట్టే నువ్వు మనిషివయ్యావు." ఊపిరి తీసుకుంది. "వీడికి శిక్ష పడాలి. పడేదాకా నేను వదలను. కానీ నీ చేత్తో కాదు."

సాతర్ చెయ్యి దిగింది. గొడ్డలి గుమ్మం చెక్కలోకి పిడి దాకా దిగబడింది, మిక్తి తలకు జానెడు దూరంలో. మిక్తి గోడ వెంట జారి కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి ఏడ్చాడు.

ముగ్గురూ బయటికి వచ్చారు. పెరట్లో మగవాళ్లు గేటు మూయబోతే ముల్లా రెండు తలుపుల మధ్య నిలబడ్డాడు. "నా కాళ్ల మీద మూయండి" అన్నాడు. ఎవరూ మూయలేదు.

పట్నం ఆస్పత్రిలో బురుల్ చేతికి కట్టు కట్టి, బెగిమాయ్ పెదవికి కుట్లు వేశారు. అక్కడి నుంచి పోలీసు ఠాణాకు వెళ్లారు. అధికారి కుర్చీలో వెనక్కి వాలి, ఆడవాళ్లిద్దరినీ చూసి నిట్టూర్చాడు.

"చూడమ్మా, పిల్ల వచ్చేసింది కదా. మీ ఆయన అవతలివాడి పళ్లు రాలగొట్టాడు. ఇద్దరూ రాజీపడితే ఇద్దరికీ మంచిది. మీరు క్షమించే మతంవాళ్లని విన్నాను."

"ఈ రాత్రి మిక్తి కోసం ప్రార్థన చేస్తాను" అంది బురుల్. "వాడి పేరు మీరు రాసుకోండి. మా ఆయన పేరు కూడా రాయండి, పళ్ల సంగతికి. ఆయన ఒప్పుకుంటాడు."

సాతర్ తల ఊపాడు.

అధికారి ఇంకా ఏదో అనబోతే బెగిమాయ్ కుర్చీ ముందుకు లాక్కుంది. "నేను చెప్తాను, రాసుకోండి." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు బయట కూర్చో. నీ ముందు చెప్పలేను."

సాతర్ వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి బురుల్ కూడా వచ్చి పక్కన కూర్చుంది. అది సరిగా మూసుకోని తలుపు.

"నువ్వు నన్ను క్షమించావు కదా" అన్నాడు సాతర్, నేలకేసి చూస్తూ.

"క్షమించాను."

"మరి పిల్ల?"

"నాకు చేసినదాన్నే నేను క్షమించగలను. ఇవాళ అది ఏం తెలుసుకుందో, నిన్ను చూస్తే దానికి ఏం గుర్తొస్తుందో, దాన్నే అడగాలి. ఎప్పుడు చెప్తుందో దాని ఇష్టం."

లోపల బెగిమాయ్ మొదలుపెట్టింది. రోడ్డు పక్కన నిలబడ్డాననీ, మొదట వెనక నుంచి జుట్టు పట్టుకున్నారనీ, కారులో ఒకడు మోకాలితో మెడ మీద తొక్కిపట్టాడనీ చెబుతోంది. నెమ్మదిగా, నర్సులు రోగి సంగతి చెప్పినట్టు, ఒకదాని తర్వాత ఒకటి. తలుపు సందులోంచి ప్రతి మాటా వినిపిస్తోంది.

సాతర్ లేచి బయటికి వెళ్లబోయాడు. బురుల్ బాగున్న చేత్తో అతని కోటు అంచు పట్టుకుంది.

"కూర్చుని విను" అంది.

సాతర్ కూర్చున్నాడు.